తేలిక గుండు, చదును బాట: చేత్తో నింపిన తూటాల కథ

‘దట్టించడం’ అనే మాట మన తెలుగులో ఇంకా బతికే ఉంది. సంచిలో బట్టలు దట్టించినాం అంటాం, పెళ్లి భోజనం దట్టించినాం అంటాం. మా పావగడ వైపు పాతవాళ్ల నోట్లో ఈ మాట తుపాకీతోనే ఎక్కువ వినబడేది. మందు దట్టించి, గుండు దట్టించి, గజంతో కుక్కి, ఆ తర్వాతే పేల్చడం. ఇక్కడ గజమంటే కొలత కాదు, గొట్టంలోకి తోసే ఇనుప కడ్డీ. మేము కన్నడ మాధ్యమంలో చదివినవాళ్లం కాబట్టి బళ్లో ‘కోవి’ అని నేర్చుకున్నాం, ఇంట్లో ‘తుపాకీ’ అని విన్నాం.

సెనక్కాయ చేల కాపలా గురించి పోయినసారి ఈ పేజీలో రాసినప్పుడు చదివిన బంధువులు ఒక ప్రశ్న వేసినారు. తాతల కాలం నాటుతుపాకీ యాభై అడుగుల అవతల ఏం తగులుతుందో చెప్పలేనిది. ఇప్పుడు సినిమాల్లో చూపించే రైఫిల్ రెండు మూడు వందల మీటర్ల దూరంలో గురి తప్పదు. ఈ రెండింటి మధ్యలో ఏం జరిగింది? జవాబు వెతుకుతూ పోతే మేము అనుకోని చోట్లకు చేరినాం. అమెరికాలో ఒక వకీలు, ఒక డాక్టరు, పంట చేల్లో బొరియలు తవ్వే ఒక చిన్న జంతువు, చివరికి మా ఊరి పక్క బయలులోని కృష్ణజింకలు. అందరినీ ఒక్కచోట చేర్చి రాస్తున్నాం.

తాతల లెక్క

ముందునుంచి మందు పోసే తుపాకీలో ప్రతి దెబ్బా చేత్తో నింపినదే. మందు ఎంత, గుండు ఒకటా లేక పిడికెడు రవ్వలా, మధ్యలో కుక్కే గుడ్డపేలిక ఎంత మందం, ఇవన్నీ పేల్చేవాడి అంచనా. కొలతకు ఒక కొమ్ము ముక్కో, చిన్న గిన్నో ఉండేది. అది లేకుంటే అరచేయే కొలత. మందు ఎక్కువైతే గొట్టం పగులుతుంది, తక్కువైతే గుండు అడవిపంది తోలు కూడా దాటదు. అందుకే ఆ పని అందరి చేతికీ ఇచ్చేవాళ్లు కాదు.

బ్రిటిష్‌వాళ్లు 1878లో తెచ్చిన ఆయుధాల చట్టం తర్వాత ఈ తుపాకీకి కూడా లైసెన్సు కావలసి వచ్చింది. మన కర్ణాటకలోనే కొడగువాళ్లకు మాత్రం మినహాయింపు దొరికింది, అది నేటికీ నడుస్తోంది. స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన 1959 చట్టంలో కూడా పంట కాపలాకు ముందునుంచి నింపే తుపాకీ అనే మాట విడిగా కనబడుతుంది. అంటే మా తాతల చేతిలోని ఆ పాత వస్తువుకు చట్టంలోనే ఒక చోటు ఉంది.

రైఫిల్ సంగతి వేరే. సైన్యం వాడే .303 సైజు తూటాలు జనం చేతికి పోకూడదని సర్కారు మామూలువాళ్లకు వాటిని నిషేధించింది. ఆ ఖాళీలోనే .315 అనే సైజు మన దేశంలో నిలబడింది. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ ఆ సైజు రైఫిల్ చేసింది. దాని గుండు బరువైనదే. తేలిక గుండు ప్రయోగాలు మన దగ్గర జరగకపోవడానికి ఇది ఒక కారణం. తూటా విడిభాగాలు కొనాలన్నా, ఇంట్లో నింపాలన్నా లైసెన్సు లేకపోతే ఇక్కడ నేరం, అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

గుండు ఎందుకు తేలికైంది

గుండు గొట్టం వదలగానే కిందికి పడడం మొదలుపెడుతుంది. చేతిలోంచి జారిన రాయి ఎంత వేగంగా పడుతుందో అదీ అంతే. ఎంత సేపు గాలిలో ఉంటే అంత కిందికి దిగుతుంది. కాబట్టి దూరం ఒకటే అయినప్పుడు వేగంగా పోయేది తక్కువ దిగుతుంది.

లెక్క వేసి చూద్దాం. గాలి అడ్డు లేదనుకోండి. సెకనుకు 400 మీటర్లు పోయే గుండు 200 మీటర్లు చేరడానికి అర సెకను తీసుకుంటుంది, ఈలోపు 1.2 మీటర్లు కిందికి దిగుతుంది. సెకనుకు 900 మీటర్లు పోయేదైతే పావు సెకను కూడా పట్టదు, 24 సెంటీమీటర్లే దిగుతుంది. మొదటిదానితో కొట్టేవాడు దూరాన్ని సరిగ్గా అంచనా కట్టి జంతువు నెత్తికి చాలా పైన గురిపెట్టాలి. రెండోవాడు దాదాపు నేరుగా చూసి కొట్టొచ్చు. గుండు పోయే ఈ చదునైన బాటే వేటగాళ్లు వెతుక్కున్నది.

వేగం పెంచడానికి నల్లమందు చాలలేదు. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెయ్ పొగలేని మందు చేసినాడు, రెండేళ్లకే దానితో లెబెల్ రైఫిల్ వచ్చింది. కొత్త వేగానికి సీసం గుండు గొట్టం లోపల రాసుకొని అంటుకుపోయేది. అంతకు ముందే, 1882లో, స్విట్జర్లాండ్‌లో ఎడ్వర్డ్ రూబిన్ సీసానికి రాగి తొడుగు వేసే పద్ధతి కనిపెట్టి ఉన్నాడు, అది ఇక్కడ పనికి వచ్చింది. ఆ తర్వాత గుండు మూతి సూదిగా మారింది, బరువు తగ్గింది. అమెరికా సైన్యం 1906లో 220 గ్రెయిన్ల మొద్దుమూతి గుండు వదిలి 150 గ్రెయిన్ల సూదిమూతి గుండు పట్టింది. జర్మనీ ఒక ఏడాది ముందే ఆ పని చేసింది. బ్రిటన్ 1910లో 215 నుంచి 174కు దిగింది.

ఇక్కడ గ్రెయిన్ గురించి ఒక మాట. ఒకప్పుడు ధాన్యపు గింజతో మొదలైన తూకం ఇది, పౌనుకు 7000 గ్రెయిన్లు. మన కంసాలులు బంగారం తూచిన గురిగింజ సుమారు రెండు గ్రెయిన్ల ఎత్తు. అంటే 150 గ్రెయిన్ల గుండు డెబ్బై ఐదు గురిగింజలకు కొంచెం అటూ ఇటూ, పది గ్రాముల లోపే. ఇంత చిన్న వస్తువు తూకంలో ఒక్క గింజ తేడా వస్తే గురి మారుతుందా అనే సందేహం మాకూ వచ్చింది. ఆ సందేహమే కొంతమందిని జీవితాంతం పనిలో పెట్టింది.

వకీలు, డాక్టరు, బొరియల జంతువు

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం బఫలో నగరంలో చార్లెస్ న్యూటన్ అనే వకీలు ఉండేవాడు. కోర్టు పని కన్నా తూటాల మీదే ఆయన ధ్యాస. సావేజ్ కంపెనీ కోసం 1912లో 70 గ్రెయిన్ల గుండుతో .22 హై పవర్, 1915లో .250-3000 ఆయన చేతి మీదుగా వచ్చినాయి. రెండోదాని పేరులోనే దాని కథ ఉంది. న్యూటన్ 100 గ్రెయిన్ల గుండు పెట్టాలనుకున్నాడు. కంపెనీకి మాత్రం సెకనుకు 3000 అడుగులు అని ప్రకటనలో వేసుకోవాలని ఆశ. అందుకని గుండును 87 గ్రెయిన్లకు తగ్గించినారు, వేగం దొరికింది. తేలిక గుండు వెనక శాస్త్రం ఎంత ఉందో వ్యాపారం కూడా అంత ఉందని మాకు ఇక్కడే అర్థమైంది.

ఈ తూటాలకు అక్కడ పని పెట్టినది వుడ్‌చక్ అనే జంతువు. మన పందికొక్కుకు పెద్దన్న లాంటిది, గడ్డి బీళ్లలో బొరియలు తవ్వుతుంది. రైతు గుర్రాలు ఆ బొరియల్లో కాలు పెట్టి విరగ్గొట్టుకునేవి. అది బొరియ పక్కన నిలబడి చూస్తుంది, మనిషి దగ్గరికి పోతే లోపలికి దూరుతుంది. అందుకే చాలా దూరం నుంచి, చాలా చిన్న గురిని కొట్టాలి. ఇంకొక చిక్కు ఏమంటే చుట్టూ ఇళ్లు, పశువులు ఉంటాయి. బరువైన గుండు నేలకు తగిలి ఎగిరి ఎక్కడికో పోతుంది. తేలిక గుండు పలచని తొడుగుతో, పెద్ద వేగంతో వచ్చి నేలకు తగలగానే పొడి అయిపోతుంది. రైతుకు అదే మేలు.

1930 ప్రాంతంలో .22 హార్నెట్, 1935లో వించెస్టర్ కంపెనీ .220 స్విఫ్ట్ వచ్చినాయి. స్విఫ్ట్ గుండు 48 గ్రెయిన్లు, మూడు గ్రాములకు కొంచెం ఎక్కువ. వేగం సెకనుకు 4110 అడుగులని కంపెనీ చెప్పింది, అంటే 1250 మీటర్లు. గొట్టం తొందరగా అరిగిపోతుందనే పేరు కూడా దానితోపాటే వచ్చింది.

డాక్టరు సంగతి వీటన్నిటి కంటే ముందుది. మసాచుసెట్స్‌లోని మిల్‌ఫర్డ్‌కు చెందిన ఫ్రాంక్లిన్ మాన్ చదివింది వైద్యం. కానీ ఏళ్ల తరబడి ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: ఒకే తుపాకీ, ఒకే మందు, ఒకే గుండు అయినప్పుడు దెబ్బలన్నీ ఒకే చోట ఎందుకు పడవు? మనిషి చెయ్యి వణకడం లెక్కలోంచి తీసేయాలని గొట్టాన్ని కాంక్రీటు దిమ్మెకు బిగించినాడు. గుండు దారిలో కాగితాలు వరసగా నిలబెట్టి, అది ఎక్కడ ఎలా ఒరిగిందో చూసినాడు. కావాలనే గుండు అడుగు భాగాన్ని చెక్కి, చెడగొట్టి పేల్చినాడు. గుండు అడుగు ఒక పక్క దెబ్బతిన్నా, బరువు నడిమికి సరిగ్గా లేకున్నా దెబ్బ చెదురుతుందని చూపించినాడు. ఆయన పుస్తకం 1909లో అచ్చయింది.

మాలో ఒకరికి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కడుపుకూడు. మాన్ పని చదివినప్పుడు మాకు పరాయిగా అనిపించలేదు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మిగిలినవన్నీ అట్లే ఉంచాలి. రెండు ఒకేసారి మార్చితే ఏది కారణమో తెలియదు. ఒక్కసారి బాగా తగిలిందని నమ్మకూడదు, మళ్లీ మళ్లీ తగలాలి. మా ఆఫీసులో రోజూ చెప్పుకునే మాటలే ఇవి.

వంటింటి బల్ల మీద ఫ్యాక్టరీ

తూటాలో నాలుగు భాగాలు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పురవ్వ ఇచ్చే ప్రైమర్, లోపల మందు, మూతికి గుండు. పేల్చినాక మిగిలేది ఇత్తడి గొట్టం, అన్నిటికంటే ఖరీదైనది అదే. దాన్ని పారేయకుండా మళ్లీ నింపుకోవడమే హ్యాండ్‌లోడింగ్. 1870లలో అమెరికా బయళ్లలో అడవిదున్నలను చంపినవాళ్లు డబ్బు మిగలాలని ఈ పని చేసేవాళ్లు. 1884లో జాన్ బార్లో ‘ఐడియల్’ పేరుతో పట్టకారు లాంటి పనిముట్లు అమ్మడం మొదలుపెట్టినాడు. చలికాలం సాయంత్రాలు వంటింటి బల్ల దగ్గర కూర్చొని రైతు కూడా తూటాలు నింపుకోగలిగినాడు.

తేలిక గుండు కాలం వచ్చేసరికి పొదుపు వెనక్కి పోయి గురి ముందుకు వచ్చింది. ఫ్యాక్టరీ తూటా అందరి తుపాకులకూ సరిపోయేలా చేస్తారు. చేత్తో నింపేవాడు తన ఒక్క తుపాకీకి చేసుకుంటాడు. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి ఆ తుపాకీ గదికి అచ్చు పోసినట్టు సరిపోతుంది, కాబట్టి దాని మూతి ఒక్కటి బిగించి మళ్లీ వాడుకుంటే తూటా గదిలో ఊగదు. మందు ప్రతిసారీ త్రాసులో తూచి పోస్తాడు. గుండ్లను కూడా తూచి, తేడా ఉన్నవి పక్కన పెడతాడు.

గొట్టం లోపలి మెలికలు కూడా గుండుకు తగినట్టు ఉండాలి. పొడుగు గుండును నిలకడగా తిప్పాలంటే బిగువు మెలిక కావాలి, పొట్టి గుండుకు వదులు మెలిక చాలు. 1879లో ఇంగ్లండ్‌లో గ్రీన్‌హిల్ అనే లెక్కల పండితుడు దీనికి సూత్రం రాసినాడు. .250-3000కు 14 అంగుళాలకు ఒక చుట్టు పెట్టినారు. అయినా ఆ వేగంలో గుండు నిమిషానికి లక్షన్నర చుట్లు తిరుగుతుంది. తొడుగు మరీ పలచగా ఉంటే గాలిలోనే చిరిగిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో గుండ్లు బజారులో దొరకలేదు. రాగి, సీసం అన్నీ సైన్యానికే. 1943లో కాలిఫోర్నియా ఓరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ ఒక ఉపాయం చేసినాడు. పేల్చి పారేసిన చిన్న .22 తూటాల ఖాళీ గొట్టాలను ఏరి, వాటినే తొడుగులుగా వాడి, సీసం పెట్టి అచ్చులో నొక్కి తేలిక గుండ్లు చేసినాడు. వుడ్‌చక్‌కు అక్కడి కొండల్లో ఉండే తమ్ముడు రాక్‌చక్. దాని పేరే ఆ అచ్చుకు పెట్టినాడు. ఆర్.సి.బి.ఎస్. అనే కంపెనీ పేరులో ఆ నాలుగు అక్షరాలు అక్కడివే. యుద్ధం అయినాక 1947లో సియెర్రా, 1949లో హార్నడీ కంపెనీలు గుండ్లు అమ్మడానికి దిగినాయి. చెత్తలోంచి మొదలైన పని పెద్ద పరిశ్రమ అయింది.

తేలిక గుండు హద్దులు

తేలిక గుండుకు పొగడ్త ఎంత ఉందో తిట్లు అంతే ఉన్నాయి. తేలికగా ఉన్నది గాలికి తొందరగా అలసిపోతుంది. ముందు వంద మీటర్లు అందరికంటే ముందుంటుంది, దూరం పెరిగేకొద్దీ వేగం పోగొట్టుకుంటుంది, అడ్డగాలికి పక్కకు జరుగుతుంది. అందుకే మరీ దూరం కొట్టేవాళ్లు మళ్లీ పొడుగు, బరువు గుండ్ల వైపే తిరిగినారు.

ప్రాణం తీసిన హద్దు ఇంకొకటి. 1911లో కెన్యాలో జార్జ్ గ్రే అనే వేటగాడు .280 రాస్ రైఫిల్‌తో సింహాన్ని కొట్టినాడు. ఆ కాలానికి అది చాలా వేగమైన తూటా. తేలిక గుండు పైపైనే చిట్లిపోయింది, సింహం ఆగలేదు. ఆ గాయాలతో ఆయన చనిపోయినాడు. బ్రిటిష్ విదేశాంగ మంత్రి ఎడ్వర్డ్ గ్రే తమ్ముడు ఆయన. అదే కాలంలో చైనాలో హ్యారీ కాల్డ్‌వెల్ అనే పాద్రీ .22 హై పవర్‌తో పులులనే కొట్టినాడు. ఒకరి అదృష్టం ఇంకొకరికి సూత్రం కాదు.

మన దేశంలో జిమ్ కార్బెట్ నడిమి దారి పట్టినాడు. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు బహుమానంగా వచ్చిన .275 రిగ్బీ ఆయనకు ఇష్టమైన రైఫిల్. 1926లో రుద్రప్రయాగ చిరుతను దానితోనే కొట్టినాడు. మన దక్షిణాదిలో కెన్నెత్ ఆండర్సన్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. హైదరాబాద్ బొల్లారంలో 1910లో పుట్టి, బెంగళూరులో బతికి, చామల లోయ పులి కథ రాసిన మనిషి. ఆయన పట్టుకు తిరిగినది .405 వించెస్టర్, 300 గ్రెయిన్ల గుండు. శేషాచలం అడవిలో పొదల మధ్య పులి ఇరవై అడుగుల్లో ఎదురైతే చదును బాటతో పని లేదు, బరువుతోనే పని.

బయలులో మిగిలినవి

చదును బాటకు పని ఉన్నది బయలులో. మన దక్కను బయళ్లలో దాని ఎదుట నిలబడినది కృష్ణజింక. పాత తెలుగులో మగదాన్ని ఇర్రి అన్నారు, ఆడదాన్ని లేడి అన్నారు. గంటకు 80 కిలోమీటర్ల దాకా పరుగెత్తుతుంది. గుండు అర సెకను గాలిలో ఉంటే ఇర్రి పదకొండు మీటర్లు దాటిపోతుంది. కొమ్ములెత్తి చూసే మందకు దగ్గరగా పోవడం కష్టం కాబట్టి పాత వేటగాళ్లు ఎద్దులబండి చాటున నడిచేవాళ్లు. బండ్లు రోజూ చూసేవే కదా, జింకలు బెదిరేవి కావు. రాజులైతే పెంపుడు చీతాలను బండి మీద తీసుకుపోయి వదిలేవాళ్లు. ఈ పద్ధతులన్నిటిలో దూరమే జింకకు కాపలా.

వేగమైన రైఫిల్ ఆ కాపలాను తీసేసింది. దాని వెనకే జీపు వచ్చింది, రాత్రి వెలుగు దీపం వచ్చింది. 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా రాజు రాత్రిపూట మూడు చీతాలను కాల్చినాడు. 1952లో చీతా దేశంలో లేదని సర్కారే చెప్పింది. కృష్ణజింక ఆ గతి పట్టకుండా అంచులో నిలబడింది. గుండు ఒక్కటే కారణం అనలేం, బయళ్లు దున్ని చేలు చేసిన మన పూర్వీకుల నాగలి కూడా కారణమే. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో దాని వేట ఆగిపోయింది.

2007లో మధుగిరి తాలూకా మైదనహళ్లి దగ్గర 798 ఎకరాలను జయమంగలి కృష్ణమృగ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించినారు. ఆంధ్ర సరిహద్దుకు దగ్గరే. ఆ చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు, కన్నడం రెండూ వినబడతాయి. మా ఇంటి పిల్లలు ఇర్రిని చూసింది అక్కడే.

ఇక మా ఇంటి మాట. ఈ వ్యాసం రాస్తున్నామని తెలిసి ఇంట్లో రెండు పక్షాలైనాయి. తాత గురి గురించి గొప్పగా రాయమని పెదనాయన. వేట సంగతి పేజీలో పెట్టనే వద్దని చిన్నత్త. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. మందు కొలిచే చేతిలో నిదానం ఉండేది, వంటింటి బల్ల దగ్గర త్రాసు పట్టిన అమెరికా రైతులోనూ అదే నిదానం. అంత ఓపికతో సాధించిన గురి చివరికి జింకకు ఉన్న ఒక్క ఆధారాన్నీ తీసేసింది. నైపుణ్యాన్ని చెప్పి ఫలితాన్ని దాచితే పిల్లలకు సగం చరిత్రే చెప్పినట్టు. ఫలితాన్ని చెప్పి నైపుణ్యాన్ని దాచినా అంతే. అందుకే రెండూ రాసినాం.

మీ ఇళ్లలో పాతవాళ్లు తుపాకీ సామానుకు వాడిన మాటలు ఉంటే మాకు రాసి పంపండి. బళ్లారి, హోసూరు, బరంపురం, ఎక్కడివైనా సరే. గజం, రవ్వలు, మందుకొమ్ము, ఇట్లాంటివి. వస్తువులు పోయినాయి, పోవడమే మంచిది. మాటలు పోనక్కరలేదు.